వసారాలోంచి వెళ్లిన మాట

కోదండపాణిగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి పెద్ద ప్రశ్న అడిగితే ఆయన ఒక చిన్న ప్రశ్న వేసేవారు. చావు తర్వాత ఏముంటుందని అడిగినవాణ్ణి ఇంట్లో ఎవరు పోయారని అడిగేవారు. దేవుడనేవాడు ఉన్నాడా అని నిలదీసినవాణ్ణి ఈమధ్య నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగేవారు. వాళ్లు చెప్పడం మొదలుపెడితే అడ్డు రాకుండా వినేవారు. భోజనాలయ్యాక మొదలైన మాట ఒక్కోసారి పొద్దు వాలేదాకా సాగేది. వచ్చినవాళ్లు చివరికి కండువాతోనో కొంగుతోనో మొహం తుడుచుకుని లేచేవారు. వాళ్లు మోసుకొచ్చిన ప్రశ్నకు మాత్రం జవాబు దొరికేది కాదు.

ఆయన ఆశ్రమం ఉదయగిరి కొండల దిగువన, పెద్దరోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. ఆశ్రమమంటే గొప్ప కట్టడమేమీ కాదు. ఒక పెంకుటిల్లు, దాని ముందు పొడుగాటి వసారా, వెనక వంటపాక, నాలుగైదు నిమ్మచెట్లు. ఆయన కాషాయం కట్టేవారు కారు. బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఈ ఇంట్లో ఉండిపోయారు. ఎవరో ఒకరు వచ్చి కష్టం చెప్పుకోవడం, అది విని ఇంకొకరు రావడం, అలా ఆ చోటికి ఆశ్రమమనే పేరు పడిపోయింది.

ఆయన దగ్గర శశిభూషణ్ అనే శిష్యుడుండేవాడు. నగరంలో మనస్తత్వశాస్త్రం చదివి, ఒక పెద్ద ఆస్పత్రిలో కౌన్సెలర్‌గా పనిచేసి వచ్చినవాడు. అక్కడ అతని పని మందులకు లొంగని జబ్బులవాళ్లతోనూ, వాళ్ల ఇంటివాళ్లతోనూ మాట్లాడటం. భయాన్నెలా తగ్గించాలో, నిద్ర ఎలా పట్టించాలో అతని చదువు నేర్పింది. ‘నాకే ఎందుకిలా జరిగింది’ అని అడిగినవాళ్లకు ఏం చెప్పాలో నేర్పలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చాడు. వచ్చాక వేదాంత గ్రంథాలన్నీ పట్టుదలగా చదివాడు. కర్మ అంటే ఏమిటో, కర్త ఎవరో, ఆత్మకు చావెందుకు లేదో తడుముకోకుండా చెప్పగలిగే స్థితికి వచ్చాడు. గొంతు కూడా మంచిది. అతను మాట్లాడుతుంటే వినాలనిపించేది.

ఒకనాడు జిల్లాలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన ఒకాయన కారులో వచ్చి, జీవుడికీ ఈశ్వరుడికీ ఉన్న సంబంధమేమిటో వివరించమని కోదండపాణిగారిని అడిగాడు. ఆయన అలవాటు ప్రకారం, మోకాళ్లు నొప్పిగా ఉన్నట్టున్నాయి, కుర్చీ తెప్పించనా అని అడిగారు. వచ్చినాయన తనతో వచ్చినవాళ్లవైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు శశిభూషణ్‌కు ముల్లులా దిగింది. తన గురువును చూసి తనకు సిగ్గేసిందని గుర్తించి ఇంకా నొచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన చెట్లకు నీళ్లు పోస్తుంటే పక్కన చేరి, ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్న మాట బయటపెట్టాడు.

“గురువుగారూ, దుఃఖంలో ఉన్నవాళ్లకు జవాబు తెలిసీ చెప్పకపోవడం దయ అవుతుందా?”

“నీకు తెలుసా?” అని అడిగారాయన. ఎగతాళి చేస్తున్నట్టు లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

శశిభూషణ్ కొంతవరకు తెలుసనే అనుకుంటున్నానన్నాడు. అయితే రేపటినుంచి వసారాలో నువ్వే కూర్చో అని, ఆయన చెంబు పట్టుకుని ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లిపోయారు.

అలా కూర్చున్న కొద్దిరోజులకే మస్తానయ్య వచ్చాడు. జామాయిల్ కర్ర తోలే లారీకి డ్రైవరు. మనిషి పుష్టిగానే ఉన్నాడు గాని వసారా మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. లోడుతో వస్తుంటే నిమ్మతోటల మలుపు దగ్గర, ఆగి ఉన్న ఆటో వెనకనుంచి ఒక పిల్లవాడు రోడ్డు మీదికి ఉరికాడట. బ్రేకు తొక్కాడు. బండి ఆగేలోపలే తగిలింది. ఆ ఆటోలోనే పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. చేరేసరికి ప్రాణం పోయింది. కేసు నడిచింది. తప్పు డ్రైవరుది కాదని చూసినవాళ్లు సాక్ష్యం చెప్పారు, కేసు కొట్టేశారు. కాని అప్పటినుంచి అతను స్టీరింగు పట్టలేకపోతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. సొంతబిడ్డ వచ్చి ఒళ్లో కూర్చుంటే దించేస్తున్నాడు. ఇదంతా తలెత్తకుండా చెప్పి చివరికి ఒక ప్రశ్న అడిగాడు.

“నా చేతుల్లోనే ఎందుకు పోవాల సామీ ఆ బిడ్డ?”

ఈ ప్రశ్న కోసమే శశిభూషణ్ ఇన్నేళ్లు సిద్ధమయ్యాడు. ముందుకు వంగి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. పుట్టిన ప్రతి ప్రాణికీ ఒక గడువు ఉంటుందన్నాడు. అది తీరే గడియను ఎవరూ ముందుకు జరపలేరు, వెనక్కూ నెట్టలేరన్నాడు. గాలికి ఆకు రాలితే కొమ్మ బాధ్యురాలవుతుందా అని అడిగాడు. ఆ తర్వాత, తనకే ఒళ్లు పులకరించేలా ఒక మాట అన్నాడు.

“నువ్వు నిమిత్తమాత్రుడివి మస్తానయ్యా. ఆ బిడ్డకు ఆ రోజు రాసిపెట్టి ఉంది. నీ లారీ కాకపోతే ఇంకొకటి వచ్చేది. చేసేవాడు వేరే ఉన్నాడు. చేతులొక్కటే నీవి.”

మస్తానయ్య మొదటిసారి తలెత్తాడు. అట్టనా అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఇంకోటి ఉంది సామీ, ఆటోలో పొయ్యేటప్పుడు ఆ పిల్లోడు నాతో, అంటూ ఏదో ఎత్తుకున్నాడు. శశిభూషణ్ చెయ్యెత్తి ఆపాడు. గాయం చుట్టూ తిరగనివ్వకూడదని ఆస్పత్రిలో నేర్చుకున్నాడు. అదంతా మళ్లీ తవ్వుకోవద్దు, ఇక్కడే వదిలేసి వెళ్లమని మెత్తగా చెప్పాడు. మస్తానయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. లేచి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. ఈసారి గోడ పట్టుకోలేదు. అది శశిభూషణ్ చూశాడు.

ఆ పూట అన్నం తినేటప్పుడు కోదండపాణిగారు మస్తానయ్య చివర్లో ఏం చెప్పబోయాడని అడిగారు. ఏదో ఆ రోజు సంగతే గురువుగారూ, గాయం రేపుకోవడమే కదా అని ఆపానని శశిభూషణ్ బదులిచ్చాడు. ఆయన ఊఁ అని మజ్జిగ పోసుకున్నారు.

ఆ వేసవంతా వసారా నిండుగా ఉంది. కొండకింది ఆశ్రమంలో ఒకాయన చక్కగా జవాబు చెబుతాడనే పేరు చుట్టుపక్కల పాకింది. బిడ్డ పోయినవాళ్లు వచ్చారు, మొగుడు వదిలేసిన ఆడవాళ్లు వచ్చారు, వ్యాపారంలో చితికిపోయినవాళ్లు వచ్చారు. అందరూ ఎంతోకొంత తేలికపడి వెళ్లారు. నిమిత్తమాత్రుడనే మాటను శశిభూషణ్ సమయం చూసి వాడేవాడు. అది తగలగానే ఎదుటివాళ్ల బిగిసిన భుజాలు దిగడం అతనికి కనిపించేది. రోజు ముగిశాక ఆ భుజాలను తలుచుకుంటూ పడుకునేవాడు.

వానలు మొదలయ్యాక మస్తానయ్య మళ్లీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక చేత్తో అరటిగెల మోసుకుంటూ వచ్చాడు. లారీ మళ్లీ తోలుతున్నానని, కడుపునిండా తింటున్నానని, ఇదంతా సామి పెట్టిన భిక్ష అని వసారాలో ఉన్న పదిమందికీ వినబడేలా చెప్పాడు. అందరూ శశిభూషణ్ వైపు చూశారు. మస్తానయ్య ఇంకా ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఆ పిల్లవాడి తల్లి మొన్న కర్ర లోడింగు దగ్గరికి వచ్చిందట. లోగడ ఆమె ఎక్కడ కనబడినా తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు. ఈసారి తప్పుకోలేదు.

“నిలబడి చెప్పినా సామీ, మీరు చెప్పినట్టే. అమ్మా, నేను నిమిత్తమాత్రుణ్ణి, నీ బిడ్డకి ఆ రోజు రాసిపెట్టుంది, నా లారీ కాకపోతే ఇంకోటి వచ్చేది, అని.”

శశిభూషణ్ అరటిగెల వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఏమందని అడిగాడు. ఏమీ అనలేదని, ఈ మాట నీకెవరు చెప్పారని మాత్రం అడిగిందని, కొండకింది ఆశ్రమంలో చెప్పారన్నానని మస్తానయ్య చెప్పాడు. ఆ మాట తన నోటినుంచి వచ్చినప్పుడు ఎంత అందంగా ఉండిందో శశిభూషణ్‌కు గుర్తుంది. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, ఒక తల్లి ఎదట నిలబడి ఎవరో అంటే ఎలా ఉంటుందో అతను ఊహించలేదు. ఊహించడానికి ఇప్పుడూ ఇష్టపడలేదు. వసారాలో ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపుతున్నారు. అతను అరటిగెల అందుకుని లోపలికి తీసుకుపోయాడు. గదిలో మంచం మీద కూర్చుని ఉన్న కోదండపాణిగారు అతని మొహంలోకి చూశారు. అతను చూపు తప్పించుకుని వంటపాకలోకి నడిచాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆమె వచ్చింది. పేరు పెంచలమ్మ. నిమ్మతోటల్లో కాయ కోసే కూలీ. ముంజేతులనిండా ముళ్లు గీరిన చారలు. ఆ రోజు కోదండపాణిగారే వసారాలో కూర్చుని ఉన్నారు. ఎండన పడి వచ్చింది, మంచినీళ్లు తెమ్మన్నారు. శశిభూషణ్ గ్లాసుతో వచ్చేసరికి ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాటకే ఆమె ఎవరో అతనికి తెలిసిపోయింది. నీళ్లు చేతిలో పట్టుకుని గురువుగారి వెనక నిలబడిపోయాడు.

ఆమె తగువుకు రాలేదు. గొంతు పెంచలేదు. తన కొడుకు పేరు మాల్యాద్రి అని, రెండో తరగతి చదివేవాడని చెప్పింది. దెబ్బ తగిలాక వాడు కాసేపు బతికే ఉన్నాడని, ఆటోలో ఆ డ్రైవరు ఒళ్లో ఉన్నాడని ఊళ్లోవాళ్లు చెప్పారట. అప్పుడు వాడికి తెలివి ఉందో లేదో, తనను అడిగాడో లేదో తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. ఆ ఒక్క సంగతి అడగడానికే అతని చుట్టూ తిరిగింది. అతను తనను చూసి తప్పుకుపోతుంటే కోపం రాలేదట.

“తల దించుకుని పొయ్యేవాడయ్యా. నా బిడ్డని మర్చిపోనోడు ఇంకొకడున్నాడులే అనుకునేదాన్ని. అది చూసుకునే ఇంతకాలం ఉన్నా. ఇప్పుడు ఆయన గూడా తలెత్తినాడు. మీ మాట చెప్పి పంపించేసినాడు.” ఆమె కోదండపాణిగారి మొహంలోకి సూటిగా చూసింది. “ఎవరయ్యా ఆ మాట చెప్పింది?”

కోదండపాణిగారు కూర్చున్నచోటునుంచి లేచారు. పెద్దవయసు కదా, లేవడానికి కొంచెం సమయం పట్టింది. ఆమె ఎదట నిలబడి రెండు చేతులూ జోడించారు.

“ఈ వసారాలోంచే వెళ్లిందమ్మా ఆ మాట. తప్పు నాది.”

నేనే అనే రెండక్షరాలు శశిభూషణ్ గొంతుదాకా వచ్చాయి. ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. కాని వసారా అంచున ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు, మొన్న తలలూపినవాళ్లే. అతని కాళ్లు కదల్లేదు. పెంచలమ్మ గురువుగారి జోడించిన చేతులవైపు చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా శశిభూషణ్ వైపు ఒకసారి చూసింది. నీళ్లు తాగకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.

కోదండపాణిగారు మందలించి ఉంటే బాగుండునని శశిభూషణ్‌కు అనిపించింది. ఆయన లోపలికి వెళ్లి, ఎప్పటిలాగే తన పంచె తానే ఉతుక్కుని ఆరేసుకున్నారు. శశిభూషణ్ చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆమె కోసం తెచ్చిన నీళ్లు తను తాగలేకపోయాడు, పారబొయ్యనూ లేకపోయాడు. ఆ నీళ్లు చాలాసేపు కిటికీలో ఉండిపోయాయి. తన చదువు, గొంతు, తన మాటకు దిగిన భుజాలు, ఒక్కొక్కటే గుర్తొచ్చి ఒళ్లంతా మండింది. తప్పు చెప్పినందుకు పడిన సిగ్గు ఒక ఎత్తు. ముసలాయన చేతులు జోడిస్తుంటే వెనక దాక్కున్నందుకు పడిన సిగ్గు ఇంకొక ఎత్తు. మొదటిదానికైనా సాకు ఉంది. రెండోదానికి ఏ సాకూ దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే గురువుగారి దగ్గరికి వెళ్లి మస్తానయ్యను కలిసి వస్తానన్నాడు. వెళ్లి ఏం చెబుతావని ఆయన అడిగారు. తెలియదన్నాడు శశిభూషణ్. సరే, వెళ్లు అన్నారాయన.

లోడింగు జరిగే చోటు రోడ్డు పక్కన ఒక బయలు. మస్తానయ్య లారీ పైకెక్కి కర్రకు తాళ్లు బిగిస్తున్నాడు. శశిభూషణ్‌ను చూడగానే సంబరంగా కిందికి దూకి, ఈయనే నేను చెప్పిన సామి అని తోటివాళ్లందరికీ చూపించాడు. ఒకతను వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తప్పించుకోవడానికి శశిభూషణ్ వెనక్కి జరిగి కర్రదుంగ తగిలి తూలాడు. మస్తానయ్యను టీకొట్టు బల్ల దగ్గరికి తీసుకుపోయి, పెంచలమ్మ వచ్చిన సంగతి, ఆమె అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాడు. తను ఆ రోజు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పానని, ఆ బిడ్డకు ఏం రాసిపెట్టి ఉందో తనకు తెలియదని ఒప్పుకున్నాడు.

మస్తానయ్య మొహం మారిపోయింది. చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

“నేనిప్పుడు నిద్రపోతున్నా సామీ. నా బిడ్డని ఎత్తుకుంటున్నా. అది గూడా తీసేసుకునేదానికి వచ్చినారా?”

ఇదివరకైతే శశిభూషణ్ ఏదో ఒకటి వెతికి చెప్పేవాడు. ఇప్పుడు తల దించుకుని కూర్చున్నాడు. ఆ నిద్ర ఇచ్చింది తనే, తీసుకునే హక్కు తనకు లేదు. అది ఏ తల్లి దగ్గరనుంచి తీసి ఇచ్చాడో కూడా ఇప్పుడు తెలుసు. చివరికి మెల్లగా అడిగాడు. “ఆ రోజు నువ్వింకేదో చెప్పబోయావు. నేను చెయ్యెత్తాను. అదేమిటి మస్తానయ్యా?”

ఇప్పుడడుగుతున్నారా అన్నాడు మస్తానయ్య. టీ చల్లారిపోయింది. లారీ మీద మనుషులు అతన్ని కేకేసి పిలిచారు, అతను పలకలేదు. శశిభూషణ్ తొందరపెట్టలేదు. ఎంతసేపటికో మస్తానయ్య తనంతట తానే మొదలుపెట్టాడు. ఆటోలో పిల్లవాడికి తెలివి ఉంది. ఏడవలేదు. నోరెండిపోతోందంటే సీసాతో నీళ్లు తాపాడు. అప్పుడు వాడు మస్తానయ్య చొక్కా గుండీ పట్టుకుని ఒక మాట అన్నాడు.

“మామా, మా అమ్మకి చెప్పొద్దు, రోడ్డు దాటొద్దని చెప్పింది, కొడతది అన్నాడు సామీ. చెప్పన్లే నాయనా అన్నా. ఒట్టు పెట్టమన్నాడు. పెట్టినా.” అతని చేతులు మళ్లీ వణకసాగాయి. బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకుని నొక్కుకున్నాడు. “ఇంక ఆ తల్లి కనబడితే నేనేం చెప్పేది? చెప్తే బిడ్డకి పెట్టిన ఒట్టు పోద్ది. చెప్పకపోతే ఆ తల్లి మొహం చూడలేను. అది అడగాలనే మీ దగ్గరికి వచ్చినా ఆ రోజు.”

శశిభూషణ్ కళ్లు మూసుకున్నాడు. ఇతను ఎంత బరువు మోసుకొచ్చి తన మెట్లెక్కాడో, దాన్ని దించుకోనివ్వకుండా తను ఎంత చక్కటి మాటలు చెప్పి పంపించాడో ఇప్పుడు అర్థమైంది. మరి చెప్పాల్నా వద్దా సామీ అని మస్తానయ్య మళ్లీ అడిగాడు. తెలియదు మస్తానయ్యా అన్నాడు శశిభూషణ్. నువ్వు వెళ్లదలుచుకుంటే పక్కన నేనుంటాను అని మాత్రం అన్నాడు.

ఆ మధ్యాహ్నం లోడు వేరే డ్రైవరు తీసుకుపోయాడు. వాళ్లిద్దరూ నడిచి నిమ్మతోటల వెనక ఉన్న కాలనీకి వెళ్లారు. పెంచలమ్మ అప్పుడే పనిలోనుంచి వచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఇద్దర్నీ చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. శశిభూషణ్ ముందుగా తన సంగతి చెప్పాలనుకున్నాడు. ఆ మాట చెప్పింది మా గురువుగారు కాదమ్మా, నేను అన్నాడు. సరిగ్గా వినబడలేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

“తెలుసు,” అంది పెంచలమ్మ. “నీళ్లు పట్టుకుని నిలబడినప్పుడే తెలిసింది.”

ఆమె చూపు వెంటనే మస్తానయ్య మీదికి మళ్లింది. ఆమెకు కావలసిన మనిషి అతను. శశిభూషణ్ పక్కకు జరిగి గోడ దగ్గర నేల మీద కూర్చున్నాడు. మస్తానయ్య నిలబడే చెప్పాడు. అక్కా, వాడికి తెలివి ఉండింది అన్నాడు. నీళ్లు తాగాడన్నాడు. అక్కడ ఆగిపోయాడు. అంతేనా అని ఆమె అడిగింది. అతను మింగుడుపడని దాన్ని మింగుతున్నట్టు ఒకటి రెండుసార్లు గుటకలు వేసి, కళ్లు పైకెత్తి, మన్నించు నాయనా అని ఎవరితోనో అని, ఆ మాట చెప్పేశాడు.

పెంచలమ్మ కదలకుండా కూర్చుంది. తడిచేతులనుంచి నీళ్లు మోకాళ్ల మీద కారుతున్నాయి. ఇన్నాళ్లూ ఆమె ఏ మాట కోసం తిరిగిందో ఆ మాట ఇలా ఉంటుందని అనుకుని ఉండదు. చెప్పకపోతేనే బాగుండేదా అని శశిభూషణ్ అనుమానపడ్డాడు.

“కొట్టేదాన్నే,” అంది ఆమె చివరికి. ఎదురుగా కొడుకే ఉన్నట్టు, వాడితో దెబ్బలాడుతున్నట్టు అంది. “ఎన్నిసార్లు చెప్పినా దాటొద్దని. కొట్టేదాన్నే.” అంటూనే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమంది. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆమె ఎవర్నీ పట్టించుకోలేదు. మస్తానయ్య ఆమె ఎదట గొంతుకూర్చుని తనూ ఏడ్చాడు. శశిభూషణ్ నోట్లోకి ఒక్క మాట కూడా రాలేదు. మాట దొరకనందుకు అతను నొచ్చుకోకపోవడం అదే మొదటిసారి.

ఏడుపు తగ్గాక పెంచలమ్మ ముక్కు చీదుకుని, వాడు చెప్పొద్దన్నాడనే ఇన్నాళ్లు తప్పుకుని తిరిగినావా అని మస్తానయ్యను అడిగింది. అవునక్కా అన్నాడు. ఆమె చాప పరిచి అతన్ని కూర్చోమంది. ఆటో ఎక్కించినకాడినుంచి మళ్లీ చెప్పమంది. అతను చెప్పాడు. వాడి మాట ఎలా ఉండింది, తలకాయ ఎటువైపు పెట్టుకున్నాడు, గుండీ ఏ చేత్తో పట్టుకున్నాడు, అన్నీ అడిగింది. తెలిసినవి చెప్పాడు, గుర్తులేనివి గుర్తులేవన్నాడు. చీకటి పడుతుండగా లేచి వస్తుంటే, అప్పుడప్పుడు వచ్చిపో అని అతనితో అంది. శశిభూషణ్‌తో ఏమీ అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు మస్తానయ్యకు చేతులు మళ్లీ వణికాయి. నిద్ర కూడా సరిగ్గా పట్టలేదని ఆశ్రమంలో విన్నారు. బండి మాత్రం మానలేదు. నెమ్మదిగా తోలేవాడు. లోడు లేని రోజున కాలనీకి వెళ్లి పెంచలమ్మ ఇంటిముందు కాసేపు కూర్చుని వచ్చేవాడట. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదని అక్కడివాళ్లు చెప్పారు.

శశిభూషణ్ ఆ రోజు ఆశ్రమానికి తిరిగివచ్చి జరిగినదంతా గురువుగారికి చెప్పాడు. తను వెనక నిలబడి నోరు మెదపకపోవడం, ఆమె అది చూడనే చూసిందన్న సంగతి కూడా దాచకుండా చెప్పాడు. తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారని అడిగితే, కూర్చోబెట్టింది నేనే కదా అన్నారు కోదండపాణిగారు. వేసవంతా తన ఎదట కూర్చుని తేలికపడి వెళ్లినవాళ్ల మొహాలు శశిభూషణ్‌కు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. వాళ్లలో ఎంతమంది ఇంకోటి ఉంది సామీ అనబోయారో అతనికి తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

ఇకమీదట జనం ముందు కూర్చునే అర్హత తనకు లేదని, వంటపాకలో పని ఇప్పించమని, అక్కడైతే ఎవరికీ హాని చెయ్యనని వేడుకున్నాడు.

కోదండపాణిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. 

“వంటకి మనుషులు దొరుకుతారు శశీ,” అన్నారు. “వసారాలో కూర్చోడానికే దొరకరు.”